బీఏ పాలిటిక్స్ వాళ్లకు ఏ స్కాలర్‌షిప్ మేలు?

తిరుపతిలో పిల్లల్ని డిగ్రీలో చేర్పించే తల్లిదండ్రులు ముందు అడిగేది ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అనే. ఇంజినీరింగ్ వాళ్లకు ఆ ప్రశ్న సరైనదే. ఎస్వీ ఆర్ట్స్, గోవిందరాజస్వామి ఆర్ట్స్, పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీ లాంటి టీటీడీ కాలేజీల్లోనో, చిత్తూరు పీవీకేఎన్ ప్రభుత్వ కాలేజీలోనో పొలిటికల్ సైన్స్, హిస్టరీ తీసుకున్నవాళ్లకు మాత్రం అసలు ఫీజే తక్కువ. జేబు ఖాళీ అయ్యేది రూము అద్దెకు, మెస్సుకు, బస్ పాసుకు, పుస్తకాలకు. కాబట్టి లెక్క అక్కడ మొదలుపెట్టాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేదాంట్లో రెండు ముక్కలున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ఫీజు, ఎంటీఎఫ్ అంటే మెస్ ఖర్చు. ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. వసతి దీవెన పేరు మీద నడిచిన రోజుల్లో డిగ్రీ వాళ్లకు మెస్ ఖర్చు కింద ఏడాదికి 20 వేలు అన్నారు. కాగితం మీద ఇదే పెద్ద మొత్తం. చిక్కల్లా డబ్బు వచ్చే టైముతోనే. బకాయిలు పేరుకుంటే ప్రైవేటు కాలేజీలు ‘ముందు మీరు కట్టండి, తర్వాత చూద్దాం’ అంటాయి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ల దగ్గర ఆ టెన్షన్ పడేది పిల్లలే.

కేంద్రం ఇచ్చే పీఎం-యూఎస్‌పీ స్కాలర్‌షిప్ గురించి మన వైపు ఆర్ట్స్ పిల్లలు పెద్దగా పట్టించుకోరు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. ఇంటి ఆదాయం 4.5 లక్షల దాకా ఉన్నా ఫర్వాలేదు. ఇంటర్ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలనే మాట వినగానే ‘అదంతా ఎంపీసీ వాళ్లకులే’ అని వదిలేస్తారు. కానీ రాష్ట్ర బోర్డుకు వచ్చిన స్కాలర్‌షిప్‌లను సైన్సు, కామర్సు, హ్యుమానిటీస్ వాళ్లకు 3:2:1 లెక్కన పంచుతారు. అంటే హెచ్‌ఈసీ చదివిన అమ్మాయి పోటీ పడాల్సింది తన గ్రూపు వాళ్లతోనే, ఎంపీసీలో 980 తెచ్చుకున్నవాడితో కాదు. మొత్తంలో సగం అమ్మాయిలకే.

ఒక్క షరతు మాత్రం గట్టిది. ఇది తీసుకుంటే రీయింబర్స్‌మెంట్‌తో సహా వేరే ఏ స్కాలర్‌షిప్పూ తీసుకోకూడదు. రెండు చోట్లా అప్లై చేసి ఏదొస్తే అది అనుకుంటే కుదరదు.

నన్నడిగితే, ఆదాయం 2.5 లక్షలు దాటి 4.5 లక్షల లోపు ఉన్న ఇంటికి ఆలోచనే అక్కర్లేదు, కేంద్రానిదే. ఆదాయం 2.5 లక్షల లోపే ఉండి, పిల్ల ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటే రాష్ట్రానిది. ఇంటి నుంచే వచ్చి పోతూ, తక్కువ ఫీజు కాలేజీలో చదివే టాపర్‌కు మాత్రం నేను 12 వేలే మంచివంటాను. అవి నేరుగా తన ఖాతాలో పడతాయి, కాలేజీతో బేరం ఉండదు. ఆ ఖాతాకు ఆధార్ సీడింగ్, అంటే ఆధార్ లింకు, అయిందో లేదో బ్యాంకులో ముందే కనుక్కోండి. బాలాజీ కాలనీలో ఏ నెట్ సెంటర్‌లో అడిగినా చెబుతారు, అన్నీ ఓకే అని చూపించి డబ్బు మాత్రం పడని కేసుల్లో సగం గొడవ అక్కడే. రెన్యూవల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి.

రిలయన్స్ ఫౌండేషన్ అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్ వేరే దారి. డిగ్రీ మొత్తానికి 2 లక్షల దాకా, ఏడాదికి 5 వేల మందికి, ఏ గ్రూపైనా సరే. ఇంటర్‌లో 60 శాతం ఉండి, ఇంటి ఆదాయం 15 లక్షల లోపు ఉంటే చాలు, 2.5 లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం. అయితే దేశమంతా రాసే ఆప్టిట్యూడ్ టెస్టు ఉంది, మొదటి సంవత్సరంలో మాత్రమే అవకాశం. దీని మీద ఆశ పెట్టుకుని కాలేజీ ఎంచుకోవద్దు, టెస్టు మాత్రం రాయండి.

ఊరు దాటడానికి ఇంట్లో ఒప్పుకుంటే బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ బీఏ కూడా చూడొచ్చు. అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజులో, వసతి ఖర్చులో సాయం చేస్తారు. పలమనేరు, కుప్పం పిల్లలకు బెంగళూరేమీ దూరం కాదు.

ఇక పీజీ మాట. యూజీసీ నేషనల్ స్కాలర్‌షిప్ నెలకు 15 వేలు, ఏడాదికి పది నెలలు. డిగ్రీలో మూడేళ్లకూ కలిపి వచ్చే 36 వేలు దీని ముందు చాలా చిన్నవి. దీనికి చూసేది డిగ్రీ మార్కులు. డిగ్రీలో పార్ట్ టైమ్ పని వల్ల మార్కులు తగ్గితే దీనికి దూరమవ్వొచ్చు, కాబట్టి ఆ పని ఒప్పుకునే ముందు ఇంట్లో ఈ లెక్క కూడా ఒకసారి వేసుకోండి.