45 పౌండ్లు కట్టించుకొని చూపని లోయ

ఇంగ్లండులో నార్త్ యార్క్ మూర్స్ అనే ఎత్తైన బీడు నేలల మీద హెదర్ అనే ఊదాపూల పొద నిండుగా పూసేది ఆగస్టులో. ఖమ్మం నుంచి వచ్చిన మా అక్కకూ బావగారికీ ఆ పూత చూపించాలని, మినీబస్సుతోనూ దారి చూపే మనిషితోనూ కలిపి మనిషికి 45 పౌండ్లు అడిగిన ఒక నిర్వాహకుడికి 2025 ఆగస్టులో మా నలుగురికీ 180 పౌండ్లు ముందే కట్టాను. మూర్ మీదుగా వెళ్లి లోయలోంచి తిరిగి రావడం, మొత్తం ఏడు మైళ్లు అని ఆయన రాసి ఇచ్చాడు.

ఎనిమిదింటికి లీడ్స్‌లో రావలసిన బస్సు తొమ్మిదీ నలభైకి వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో ఎవరూ చెప్పలేదు.

హోల్ ఆఫ్ హార్కమ్ అనే గిన్నెలాంటి లోయ అంచున దిగగానే ఆ కోపం కొంత తగ్గింది. సుమారు 400 అడుగుల లోతున్న ఆ పెద్ద గిన్నె, వేడ్ అనే రాక్షసుడు భార్య మీద కోపంతో పిడికెడు మట్టి పెకలించి విసరడం వల్ల ఏర్పడిందని అక్కడివాళ్లు కథగా చెబుతారు; నిజానికి కొండ పక్కలను ఊటనీళ్లు వేల ఏళ్లుగా తొలచడం వల్ల ఏర్పడింది. లెవిషామ్ మూర్ మీద దారికి రెండు వైపులా ఊదారంగే. మోకాళ్ల మీద కూర్చొని చూస్తే ఒక్కొక్క పువ్వు బియ్యపు గింజంత కూడా లేదు. కొమ్మ తగిలితే చాలు, బూట్ల మీద పుప్పొడి బూడిదలా రాలింది.

డండేల్ చెరువు దగ్గర అక్క తెచ్చిన పులిహోర తింటుండగా, ఆలస్యమైంది కాబట్టి వచ్చిన దారినే వెనక్కి వెళ్దామని దారి చూపే మనిషి ప్రకటించాడు. ఆలస్యం వాళ్లది, నష్టం మాది! పద్నాలుగు మందిలో పది మంది గొణుక్కుంటూనే ఆయన వెంట వెళ్లారు. పొద్దుటి నుంచి పల్లెత్తు మాట అనని బావగారు మాత్రం, "డబ్బు పోతే పోయిందమ్మా, లోయ చూడకుండా నేను రాను" అని లేచి నిలబడ్డారు. మేం విడిగా వెళ్తామని ఆ మనిషికి చెప్పి, నా దగ్గరున్న ఓఎల్ 27 అనే ఆ ప్రాంతపు నడక మ్యాపు పట్టుకొని నలుగురమూ డండేల్ గ్రిఫ్ అనే సన్నని లోయ గుండా కిందికి దిగాము.

ఆ రోజు మొత్తానికి అదే అసలు నడక. పైన గాలి హోరు. కింద లెవిషామ్ వాగు చప్పుడు తప్ప మరేమీ లేదు. నడుమెత్తు ఫెర్న్ మొక్కల మధ్య నుంచి, లో హార్కమ్ అనే పాత ఇంటి పక్కగా నడిచి గిన్నె అడుగుకు చేరాము. చివరి ఎక్కుడు మాత్రం నిటారుగా ఉంది. మోకాళ్ల నొప్పులున్న అక్క నాలుగుసార్లు ఆగింది.

మినీబస్సు అప్పటికే వెళ్లిపోయింది. విట్బీ నుంచి లీడ్స్ వెళ్లే 840 నంబరు కోస్ట్‌లైనర్ బస్సు పైనున్న ఏ169 రోడ్డు మీదనే వస్తుంది, అప్పుడు టికెట్టు 3 పౌండ్లు. అంటే మేమే ఆ బస్సులో వచ్చి వెళ్లి ఉంటే రానుపోను నలుగురికి 24 పౌండ్లే! బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే రాసుకోవాలి. చూపని సగం నడకకు 90 పౌండ్లు వెనక్కి ఇమ్మని నిర్వాహకుడికి ఆ రాత్రే ఉత్తరం రాశాను.