లంకమల పక్కన పట్టా భూమి ఉన్నవాళ్లకు ట్రాప్ కెమెరా పనికొస్తుందా?

పనికొస్తుంది, కొనండి. జంతువు ముందు నుంచి వెళ్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా ఇది. అయితే మన ఎండ దానికి పడదన్న సంగతి, రాత్రిపూట అది ఎర్రగా వెలుగుతుందా లేదా అన్న సంగతి తెలుసుకుని కొనండి. పెట్టె మీద వీటి గురించి ఒక్క ముక్క రాసి ఉండదు.

మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన భూమి సిద్ధవటానికీ బద్వేలుకూ మధ్య, లంకమల కొండపాదంలో ఉంది. కింది భాగం నిమ్మతోట. పై భాగమంతా మొరం నేల. కలివి, రేగు, బలుసు పొదలు, వాటి మధ్య బోడి నేల, చివర కొన్ని ఎర్రచందనం చెట్లు. ఆ పై భాగాన్ని జేసీబీ పెట్టి చదును చేయించమని చెప్పని చుట్టం లేడు. నేను ఒప్పుకోలేదు. 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది మన కడప జిల్లాలోనే. దానికి దట్టమైన అడవీ పనికిరాదు, దున్నిన చేనూ పనికిరాదు. పొదలుండాలి, పొదల మధ్య నడవడానికి ఖాళీ నేల ఉండాలి. అలాంటి నేల లంకమల అభయారణ్యం హద్దు రాయి దగ్గర ఆగిపోదు, మాలాంటి వాళ్ల పట్టాల్లోకి కూడా వస్తుంది. తెలుగుగంగ అంతటి కాలువకే ఈ పక్షి కోసం దారి మార్చారు. నా పొదలను నేను ఉంచుకోవడం ఏపాటి త్యాగం?

కానీ పొదలు ఉంచితే సరిపోదు, వాటిలో ఎవరు తిరుగుతున్నారో తెలియాలి. అందుకే కెమెరా. సుమారు ₹8,000 పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆకుపచ్చ మచ్చల ప్లాస్టిక్ డబ్బా, ఎనిమిది సెల్లులు, ఒక మెమరీ కార్డు, చెట్టుకు కట్టే పట్టీ. ముందు నుంచి వెచ్చని ప్రాణి ఏదైనా కదిలితే లోపలి సెన్సర్ ఆ వేడి తేడాను పసిగట్టి ఫొటో తీస్తుంది.

చలికాలంలో పనితీరు చాలా బాగుంది. ముళ్లపంది ముళ్లు విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. కుందేళ్లు, పునుగుపిల్లి, నక్క వచ్చాయి. ఒక తెల్లవారుజామున ఎలుగుబంటి ముక్కు కెమెరాకు ఆనించి వాసన చూసింది. అద్దం మీద దాని తేమ మరక పడి తరువాతి ఫొటోలన్నీ మసకబారాయి. అయినా ఆ ఫొటో నాకు ఎంతో ఇష్టం.

ఎండలు ముదిరాక కథ మారింది. గాలి వేడి నలభై డిగ్రీలకు దగ్గరైతే జంతువు ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా ఉండదు, సెన్సర్ గుర్తుపట్టలేదు. కాగిన బండ ముందు బోదగడ్డి ఊగితే మాత్రం టకటకా ఫొటోలు తీస్తుంది. కార్డు నిండా గడ్డే! ఇది ఆ ఒక్క కంపెనీ లోపం కాదు, ఈ పద్ధతిలో పనిచేసే కెమెరాలన్నిటికీ ఉన్నదే. ముందున్న గడ్డి కోసి, కెమెరాను ఉత్తరం వైపు తిప్పి, మోకాలి ఎత్తులో కడితే కొంత నయం. చిన్న పక్షుల కోసమైతే ఇంకా కిందికి దించాలి.

నక్షత్ర తాబేలు విషయంలో ఈ సెన్సర్‌ను నమ్ముకోవద్దు. దాని ఒళ్లు నేలతో పాటే వేడెక్కుతుంది, నేలతో పాటే చల్లబడుతుంది. వానలు మొదలయ్యాక మా వంక పక్కన తాబేలు తిరుగుతుందని మేకలు కాసే పెద్దాయన చెబుతూనే ఉన్నాడు, కెమెరా మాత్రం ఒక్కసారీ చూడలేదు. చివరికి ఐదు నిమిషాలకొక ఫొటో దానంతటదే తీసే టైమ్‌లాప్స్ పెట్టాను. అప్పుడు దొరికింది, డొప్ప మీద పసుపు చారలతో. “నేను చెప్పలేదామ్మా?” అన్నాడాయన. ఆయన చెప్పింది నిజం. కెమెరా కంటే ముందు మేకల కాపరులను అడగండి.

ఇక వెలుగు. చవక రకాల్లో రాత్రి వెలిగే దీపాల కాంతి తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లు. దూరం బాగా అందుతుంది కానీ సన్నగా ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రచందనం కోసం రాత్రిళ్లు మనుషులు తిరిగే కొండల్లో ఆ ఎర్ర చుక్క వెలిగితే కెమెరా పోతుంది, మీకూ ప్రమాదమే. 940 నానోమీటర్లవి మన కంటికి కనిపించవు, దూరం కాస్త తగ్గుతుంది. అవే తీసుకోండి. ఇనుప తీగ తాళం వేరుగా కొనుక్కోవాలి, పెట్టెలో రాదు.

ఈ డబ్బా వల్ల నాకు జరిగిన పెద్ద మేలు కుక్కల ఫొటోలు. రాత్రి రెండు గంటలకు ఆరేడు ఊరకుక్కలు పొదల్లో కుందేలును తరుముతున్నాయి. ఎందుకొస్తున్నాయని వెతికితే మా దారి మొదట్లో ఎవరో కోళ్ల వ్యర్థాలు పారబోస్తున్నారు. ఫొటోలు పంచాయతీలో చూపించాను, పారబోయడం ఆగింది, కుక్కలు బాగా తగ్గాయి. నేలమీద గుడ్లు పెట్టే తీతువుకైనా కలివికోడికైనా కంచె కంటే ఇదే ఎక్కువ అవసరం.

కలివికోడి ఫొటో వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. వచ్చినా ఊరి పేరుతో ఎక్కడా పెట్టను, అటవీశాఖకే చెబుతాను. మీరూ అంతే చేయండి. నక్షత్ర తాబేళ్లను సంచుల్లో వేసుకుని అమ్మేవాళ్లున్నారు. 2019 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారం మీద పూర్తి నిషేధం ఉన్నా ఆ దందా ఆగలేదు. ఫోనులో పంపే ముందు ఫొటోలోంచి స్థలం వివరాలు తీసేయండి. కెమెరా మీ పట్టాలోనే పెట్టండి, అభయారణ్యం లోపల అనుమతి లేకుండా పెట్టకూడదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. పట్టీ దూర్చే సందులోంచి చీమలు లోపలికి వెళ్లి గూడు పెట్టాయి. వారంటీ కింద పంపితే “కీటకాల వల్ల నష్టం” అని తిప్పి పంపారు. తోటకు తెచ్చిన గ్రీజు పట్టీకి రాశాక చీమలు రాలేదు. మామూలు సెల్లులు వేడికి త్వరగా దిగిపోతాయి, లిథియంవి ఖరీదైనా నెలల తరబడి వస్తాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. వానలకు ముందు 940 రకం ఇంకొకటి తీసుకుంటున్నాను, అది వంక పక్కన టైమ్‌లాప్స్‌కే.