తెలుగు టెక్స్ట్ ఎఫెక్ట్స్ ప్యాక్ కొనే డిజైనర్లూ, జాగ్రత్త!

అన్నలారా, ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు డిజైన్ చేసేవాళ్లు ఇది తప్పక చదవండి. 'ఐదు వేల తెలుగు గోల్డ్ ఎఫెక్ట్స్, పేరు మార్చుకుంటే చాలు' అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. ఫోటోషాప్‌లో తెరిచి పేరు మార్చుకునే రెడీమేడ్ బంగారు అక్షరాల ఫైళ్లని చెప్పి అమ్ముతున్నారు. కడప ఏడు రోడ్ల దగ్గర మా షాపు. పెళ్లిళ్ల సీజన్ మొదలవుతోందని 1,499 రూపాయలు యూపీఐలో కట్టి తీసుకున్నాను. నిలువునా మోసం.

డెమో వీడియోలో 'శుభ వివాహం' అక్షరాలు ప్రొద్దుటూరు అంగట్లో కొత్త హారంలా మెరిశాయి. తీరా ఫైలు తెరిస్తే లేయర్స్ ప్యానెల్లో తాళం గుర్తుతో ఒకే ఒక్క బ్యాక్‌గ్రౌండ్ లేయర్! పేరు మార్చడానికి వీలిచ్చే టైప్ లేయర్ లేదు, స్మార్ట్ ఆబ్జెక్ట్ లేదు. జేపెగ్ బొమ్మను పీఎస్‌డీగా, అంటే ఫోటోషాప్ ఫైలుగా, సేవ్ చేసి అంటగట్టారు. అందులో పేరు ఎలా మారుస్తాం? పైగా చాలావాటి వెడల్పు 800 పిక్సెళ్లే. 5×7 అంగుళాల పత్రిక 300 డీపీఐలో ప్రింట్ కావాలంటే 1500×2100 పిక్సెళ్లు ఉండాలి. కాస్త జూమ్ చేస్తే అక్షరం అంచుల చుట్టూ తెల్లటి పొర కనిపిస్తుంది.

నిజంగా ఎడిట్ అయ్యేవి కొన్ని ఉన్నాయి గానీ, అవి ఇంగ్లీష్ అక్షరాల కోసం చేసినవి. పెళ్లికూతురి పేరు 'లక్ష్మి' అని కొడితే ఒత్తులన్నీ విడిపోయి 'క్', 'ష్', 'మి' పక్కపక్కన పడ్డాయి. పాత ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్‌లో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకుని, పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్ రెడీ లేఅవుట్' పెడితేనే తెలుగు సరిగా కూర్చుంటుంది. అమ్మినవాడికి ఆ సంగతే తెలియదు. అడిగితే నన్ను బ్లాక్ చేశాడు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఫోల్డర్లో 'ఫాంట్ ఇన్‌స్టాలర్' పేరుతో ఒక ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్) ఫైలు ఉంది, యాంటీవైరస్ ఆపేసి రన్ చేయమని పక్కనే రాసిపెట్టారు. దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. ఫాంట్‌కు టీటీఎఫ్ ఫైలు గానీ ఓటీఎఫ్ ఫైలు గానీ ఉంటే చాలు, రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొట్టడమే. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, పెద్దన, తిమ్మన, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, గిరాకీ పనికీ వాడుకోవచ్చు.

అసలు ఈ బంగారు అక్షరాలకు డబ్బు పెట్టే పనే లేదు. ఫోటోషాప్ లేయర్ స్టైల్‌లోని గ్రేడియంట్ ఓవర్‌లేలో ముదురు గోధుమ, పసుపు, మళ్లీ గోధుమ ఇవ్వండి. బెవెల్ అండ్ ఎంబాస్‌లో గ్లోస్ కాంటూర్ (Gloss Contour)ను 'రింగ్' చేయండి. సన్నటి స్ట్రోక్, కొంచెం డ్రాప్ షాడో చాలు. స్టైల్స్ ప్యానెల్లో సేవ్ చేసుకుంటే ఏ పేరుకైనా ఒక్క క్లిక్కే. పెద్ద సైజు ఫైల్లో ఎఫెక్ట్ పలచబడితే 'స్కేల్ ఎఫెక్ట్స్'తో పెంచుకోండి.

అయినా కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించి మీరు చెప్పిన పేరు టైప్ చేయమనండి. నాలాగే ఇప్పటికే కట్టేసినవాళ్లు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాట్, ప్రకటన, పేమెంట్ స్క్రీన్‌షాట్, యూటీఆర్ (లావాదేవీ) నంబరు ఏదీ డిలీట్ చేయొద్దు. నేను అవన్నీ జతచేసి ఫిర్యాదు ఇచ్చాను, డబ్బు మాత్రం ఇంకా రాలేదు.