చెన్నపట్నం కంటే ముందు దుగరాజపట్నం

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషువాళ్లు చెన్నైకి ముందు మన తీరంలోనే, దుగరాజపట్నంలో, కోఠీ (వర్తక స్థావరం) పెట్టారంటే వాడు నమ్మలేదు. చూపిద్దామని ఒంగోలు నుంచి రైలెక్కి గూడూరులో దిగాం. స్టేషన్‌కు దగ్గరని తీసుకున్న లాడ్జిలో రాత్రంతా నీళ్లు రాలేదు, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు. మళ్లీ వెళ్తే నెల్లూరులోనే ఉంటాను. ప్రయాణం కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

కోట అనే ఊరి మీదుగా వాకాడు దాకా బస్సులో వెళ్లాం. అక్కణ్ణుంచి ఆటోను రానూపోనూ మాట్లాడుకోవడమే మేలు. మా ఆటో అబ్బాయి రెండు గంటలు ఓపిగ్గా ఆగాడు, పైసా ఎక్కువ అడగలేదు. నీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి.

ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో 1626లో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. తమకు సాయపడిన ఆరుముగం మొదలియారు పేరు మీద దీన్ని ఆర్మగాన్ అన్నారని చెప్తారు. గోడ కట్టి, 12 ఫిరంగులు పెట్టి, నూలుబట్టలు కొని ఓడలకెక్కించేవాళ్లు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే పాతుకుపోయి ఉన్నారు. ఇక్కడ వ్యాపారం అనుకున్నంత సాగలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో అక్కడి పాలకులైన దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు నేలకు అనుమతి తెచ్చుకున్నాడు. మరుసటేడు అంతా అక్కడికి తరలిపోయారు.

కోట గోడ కోసం చాలాసేపు వెతికాం. మాకు కనబడింది ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లే. వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయనను అడిగితే, "ఆడేముంది అబ్బయ్యా, ఇసకేగా" అన్నాడు. మావాడి కాలికి అరచేతిలో పట్టేంత కుండపెంకు తగిలింది. ఒకవైపు నల్లగా మసి, అంచు అరిగి నున్నగా ఉంది. ఏనాటిదో మనం చెప్పలేం. తీసుకుపోతానన్నాడు, వద్దన్నాను. దొరికినచోటే పెట్టేశాడు.

నాకు బాధ కలిగించింది ఒక్కటే. ఇంత చరిత్ర ఉన్నచోట మాకు ఒక్క బోర్డు కూడా కనిపించలేదు. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎందుకు పోయారు అన్న నాలుగు ముక్కలు ఊరి మొదట్లో తెలుగులో రాసిపెడితే చాలు. శిథిలాల కోసమైతే ఇంత దూరం రావద్దు. కథ తెలిసి, ఆ ఒడ్డున కాసేపు నిలబడాలనుకుంటే తప్పకుండా రండి.

చలికాలంలో అయితే మరునాడు నేలపట్టు పక్షుల కేంద్రం కూడా చూసుకోవచ్చు. అక్కడి గూడబాతుల కోసమే మావాడు మళ్లీ వద్దామంటున్నాడు.