స్టార్‌కిల్లర్ బలమా, థ్రాన్ బుర్రా?

విశాఖలో స్టార్ వార్స్ నవలలు చదివే మా స్నేహితుల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఇది. 2008లో షాన్ విలియమ్స్ రాసిన ‘ది ఫోర్స్ అన్‌లీష్డ్’ ఒక వీడియో గేమ్‌కి నవలా రూపం. అందులో స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్ రహస్య శిష్యుడు స్టార్‌కిల్లర్ ఏకంగా స్టార్ డిస్ట్రాయర్ అనే అంతరిక్ష యుద్ధనౌకనే ఫోర్స్ అనే అతీత శక్తితో కిందికి లాగేస్తాడు. ఆ నౌక పొడవు 1,600 మీటర్లు; మన ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 91 మీటర్లే! గేమ్‌లో ఆ ఘట్టం ఆడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. నవలలో మాత్రం ఇంతటివాడికి ఇంకెవరు అడ్డు అనిపించి టెన్షన్ పోతుంది. పైలట్ జూనోతో అతని ప్రేమే నన్ను చివరిదాకా చదివించింది.

1991లో టిమోతీ జాన్ రాసిన ‘ఎయిర్ టు ది ఎంపైర్’లో థ్రాన్ విలన్. ఫోర్స్ లేదు. శత్రుజాతి కళాఖండాలు చూసి వాళ్ల యుద్ధ బలహీనత పసిగడతాడు. ఇదీ అతిశయమే, ఒప్పుకుంటాను. కానీ అతను ఎలా ఆలోచించాడో మనకీ తెలుస్తుంది. నా ఓటు థ్రాన్‌కే.