పైన్‌హర్స్ట్: ఎక్కడ దిగాలి, ఏది ఆడాలి, అసలు రాస్ ఎక్కడ దొరుకుతాడు

నార్త్ కరొలైనాలో కేరీ, మోరిస్‌విల్ వైపు ఉండే మనవాళ్లకి గోల్ఫ్‌కి పేరుపడ్డ ఊరు పైన్‌హర్స్ట్ కారులో గంటంబావు దూరం. అక్కడ ఏ గోడ చూసినా డొనాల్డ్ రాస్ పేరే. స్కాట్లండ్‌లోని డోర్నాక్‌లో పుట్టి, దాదాపు 400 గోల్ఫ్ కోర్సులకి రూపమిచ్చి, 1948లో ఈ ఊళ్లోనే పోయాడు.

ఇవాళ తమ కోర్సు రాస్‌దని చెప్పుకోవడం క్లబ్బులకి గొప్ప. ఆయన పోయిన కొత్తలో ఈ గిరాకీ లేదు. అప్పుడంతా మరో కోర్సు డిజైనర్ రాబర్ట్ ట్రెంట్ జోన్స్ హవా. 1951 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ కోసం మిషిగన్‌లో రాస్ కట్టిన ఓక్లండ్ హిల్స్‌ని జోన్స్ తిరగతోడితే పేరంతా జోన్స్‌కే వచ్చింది. రాస్ సొంత ఇంటి పక్కనున్న పైన్‌హర్స్ట్ రిసార్ట్ నంబర్ 2 కోర్సుకి కూడా మినహాయింపు దొరకలేదు. 1970ల్లో దాని ఇసుక నేలలన్నీ గడ్డితో కప్పేశారు. 2010లో కోర్సు డిజైనర్లు బిల్ కూర్, బెన్ క్రెన్‌షా వచ్చి, 1943 నాటి ఏరియల్ ఫొటోలు ముందు పెట్టుకుని ఆ గడ్డి పీకించారు. ఇప్పుడు ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) దాటితే ఇసుక, పైన్ ఆకులు, వైర్‌గ్రాస్ అనే గడ్డి గుబుర్లు. 2014లో మగవాళ్ల, ఆడవాళ్ల యూఎస్ ఓపెన్‌లు వరుస వారాల్లో ఇక్కడే జరిగాయి.

నంబర్ 2 గ్రీన్లు (కన్నం ఉండే నున్నటి గడ్డి చోట్లు) తాబేటిచిప్పల్లా ఉంటాయి. నేను కొట్టిన బంతి గ్రీన్ మీద పడి, ఆగినట్టే ఆగి, మెల్లగా వెనక్కి దొర్లి నా బూట్ల దగ్గరికే వచ్చింది. నా గోల్ఫ్ సంచి మోసే కేడీ నవ్వి, "ఇది మొత్తం రాస్ పని కాదు సార్, ఏళ్ల తరబడి ఇసుక చల్లగా చల్లగా ఇంత ఎత్తయింది" అన్నాడు. నిజమే, ఈ మాట గోల్ఫ్ తెలిసినవాళ్లు చాలామంది అంటారు. జనం రాస్ గొప్పతనమని మెచ్చుకునేదాంట్లో కొంత మాలీల చలవే అన్నమాట! పైగా ఆ 400లో కొన్నింటిని ఆయన అసలు చూడనేలేదు. మ్యాపుల మీద గీసి పంపితే సహాయకులు కట్టించారు.

అందుకే ఊళ్లోని టఫ్ట్స్ ఆర్కైవ్స్ (పాత కాగితాలు దాచిన చోటు) మాత్రం వదలొద్దు. టికెట్ లేదు. రాస్ పెన్సిల్ స్కెచ్‌లు అక్కడున్నాయి: ఒక్కో గ్రీన్‌కి ఒక్కో కాగితం, పక్కన ఎక్కడ ఎంత ఎత్తు లేపాలో రాతలు. ఆయన చేయి ఎంతవరకో అక్కడే తెలుస్తుంది.

బసకి దర్జా కావాలంటే 1901 నాటి కరొలైనా హోటల్. నాకు మాత్రం ఒకప్పుడు రాస్ సొంతదారుగా ఉన్న పైన్ క్రెస్ట్ ఇన్ నచ్చింది. లాబీలో ఫైర్‌ప్లేస్ ముందు చెక్క అడ్డుపెట్టి కన్నం చేశారు. రాత్రయితే అందరూ అందులోకి బంతులు చిప్ చేస్తూ (మెల్లగా లేపి కొడుతూ) కూర్చుంటారు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి. ఒక రెస్టారెంట్‌లో వెజ్ అని రెండుసార్లు అడిగి తెప్పించుకున్న బీన్స్ కూరలో బేకన్ ముక్కలు తేలాయి.

నంబర్ 2 ఆడాలంటే మామూలుగా రిసార్ట్‌లోనే దిగాలి, ఖర్చు వందల డాలర్లు, కేడీ డబ్బులు అదనం. జేబు చూసుకునేవాళ్లకి నా ఓటు దగ్గర్లోని మిడ్ పైన్స్‌కి. 1921లో రాస్ కట్టిందే, 2013లో కైల్ ఫ్రాంజ్ అనే డిజైనర్ బాగుచేశాడు. చిన్నది, హాయిగా నడిచి ఆడుకోవచ్చు. గ్రీన్లు కూడా బంతిని అంత నిర్దయగా తోసెయ్యవు.