చానల్ క్యాట్‌ఫిష్: ఏట్లో ఒక లెక్క, తొట్టిలో ఇంకో లెక్క

నెల్లూరు అక్వేరియం షాపుల్లో ఎప్పుడైనా వేలెడంత తెల్ల చేపపిల్ల, గులాబీ కళ్లు, మూతి చుట్టూ ఎనిమిది మీసాలతో కనిపిస్తే ముచ్చటపడి కొనేయకండి, ముందు దాని సొంతూరు కథ వినండి.

అది చానల్ క్యాట్‌ఫిష్, ఉత్తర అమెరికా చేప. ఏట్లో దాని రంగు బూడిద, ఒంటి మీద నల్ల చుక్కలు. తెల్లది అక్కడ వేటాడే చేపలకి ఇట్టే దొరికిపోతుంది, తొట్టిలో మాత్రం దానికే గిరాకీ. ఒళ్లంతా రుచి తెలిసే కణాలుంటాయి కాబట్టి బురద నీళ్లలో కూడా తిండి వెతుక్కుంటుంది. రెండడుగులు పెరగడం మామూలే, 1964లో సౌత్ కరోలినాలో పట్టిన రికార్డు చేపైతే 26 కిలోల పైమాట! గుడ్లు పెట్టేది ఏ దుంగ కిందో బొరియలో, కాపలా మగదానిది.

తొట్టిలో బొరియ ఏది, తిరగడానికి జాగా ఏది? రాత్రి లైటు తీశాక తొట్టిలోని చిన్న గప్పీ చేపలు ఒక్కొక్కటే మాయం. వలతో పడితే రెక్కల ముళ్లు బిగుసుకుని, చివరికి వలే కత్తిరించాలి. మన ఎండలకి బెదిరే రకం కాదు గానీ, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పైగా మే నెలలో కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగి మనకే టెన్షన్.

నన్నడిగితే పెద్ద చెరువు లేనివాళ్లకి ఇది వద్దు, మీసాల చేపే కావాలంటే రెండు మూడు అంగుళాలకి మించని కోరిడోరాస్ గుంపుగా పెట్టుకోండి. పెరిగిపోయిందని పెన్నలో మాత్రం వదలొద్దు, బయటి క్యాట్‌ఫిష్‌లతో మన ఏళ్లకి ఇప్పటికే ఉన్న తలనొప్పి చాలు.